ఒండ్రు మీద అడుగులు

మొన్న నవంబరు 14న మా పక్క మండలంలో ఒక బడివాళ్ళు బొమ్మల పోటీ పెట్టి, మార్కులు వెయ్యడానికి నన్ను రమ్మన్నారు. అంశం ‘మా ఊరు’. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు. గంట టైము. బెల్లు కొట్టాక కాగితాలన్నీ తెచ్చి బల్ల మీద పరిస్తే 38 బొమ్మలు తేలాయి. వాటిలో 31 బొమ్మల్లో రెండేసి కొండలున్నాయి. కొండల నడుమ సగం పొడిచిన సూర్యుడు, సూర్యుడి కింద నుంచి మెలికలు తిరుగుతూ ఒక ఏరు, ఏటి పక్కన పెంకుటిల్లు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పిట్టలు.

మాది కోనసీమ. ఒకపక్క గౌతమి, ఒకపక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. నేలంతా బల్లపరుపు. ఇక్కడ మిట్ట అంటే ఏటిగట్టే. కొండ కనపడాలంటే ఏరు దాటి చాలా దూరం పోవాలి. బొమ్మ బాగా వేసిన ఒక పిల్లని దగ్గరికి పిలిచి అడిగాను.

“కొండ ఎక్కడ చూశావమ్మా?”

“చూడలేదండి.”

“మరి మీ ఊళ్ళో వేశావేం?”

“బొమ్మలో కొండ ఉండాలి కదండి.”

ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. సాయంత్రం బహుమతులు ఇచ్చేటప్పుడు ఒక పెద్దాయన మాట్లాడుతూ, “మన పిల్లలకి పరాయి దేశాల మంచు కథలూ, కోట్లూ బూట్లూ ఎందుకండీ, మన నీతికథలు మనకి లేవా” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. పిల్లలంటే ప్రేమ ఉన్న మనిషే. కానీ నా చేతిసంచిలో ఆ రోజు పేజీ పేజీకీ మంచు ఉన్న పుస్తకం ఒకటుంది. ప్రతి ఆదివారం మా అరుగు మీద చేరే పిల్లలకి దాన్ని అప్పటికి నాలుగుసార్లు చదివి వినిపించాను. ఆయనకి అక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఆయన మాటలో సగం నిజం ఉందని నాకూ అనిపించింది. మిగిలిన సగం ఎందుకు తప్పో ఈ నెల రోజులూ ఆలోచిస్తూనే ఉన్నాను.

గోడ మీద ఇరవై రెండేళ్ళు

ఆ పుస్తకం ‘ది స్నోయీ డే’. 1962లో వచ్చింది. రాసిందీ బొమ్మలు వేసిందీ ఒకరే, ఎజ్రా జాక్ కీట్స్. మా తమ్ముడి కూతురు న్యూజెర్సీ నుంచి సెలవలకి వచ్చినప్పుడు తెచ్చుకుని, తిరిగి వెళ్తూ ఇక్కడ వదిలేసి పోయింది. కథ చెప్పాలంటే నాలుగు ముక్కలు. పీటర్ అనే పిల్లాడు పొద్దున్నే లేచి చూస్తే వీధంతా మంచు. ఎర్ర కోటు తొడుక్కుని బయటికి పోతాడు. కాళ్ళు బయటికి తిప్పి నడుస్తాడు, లోపలికి తిప్పి నడుస్తాడు, ఈడ్చుకుంటూ నడుస్తాడు. కర్రతో చెట్టుని కొడితే మంచు ధబ్బున నెత్తిన పడుతుంది. చివర ఒక మంచు ఉండ చేసి రేపటికని జేబులో దాచుకుంటాడు. పడుకోబోయే ముందు చూస్తే జేబు ఖాళీ. అంతే. మర్నాడు మళ్ళీ మంచు కురుస్తుంది, స్నేహితుణ్ణి పిలుచుకుని బయటికి పోతాడు.

పీటర్ నల్లపిల్లాడు. ఆ సంగతి కథలో ఒక్కచోట కూడా రాయలేదు. బొమ్మలో ఉంది.

కీట్స్ 1916లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. అమ్మా నాన్నా పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు, చేతిలో డబ్బు ఆడని ఇల్లు. మొదటి పేరు జేకబ్ ఎజ్రా కట్జ్. యూదుల మీద ద్వేషం అంటకుండా బతకడానికి 1947లో పేరు మార్చుకున్నారు. చిన్నప్పుడు ఒకసారి వంటింటి బల్లంతా బొమ్మలు గీసేశారట. తిట్టడానికే వస్తోంది అనుకుంటే, వాళ్ళమ్మ ఇంత బాగున్నదాన్ని ఎలా కడగను అని బల్ల మీద దుప్పటి పరిచి, ఇరుగుపొరుగు వచ్చినప్పుడల్లా దుప్పటి ఎత్తి చూపించేదట. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. సంక్రాంతికి కొత్తగా సున్నం వేసిన గోడ మీద నేను బొగ్గుతో ప్రభ బొమ్మ గీస్తే, పండగ వెళ్ళేదాకా దాన్ని తుడవనివ్వలేదు. వచ్చినవాళ్ళందరికీ “మా పిల్ల గీసిందండి” అని చెప్పింది.

కీట్స్ నాన్న సంగతి వేరు. ఆయన హోటల్లో సప్లయరు. బొమ్మలు అన్నం పెట్టవని కొడుకుని కేకలేసేవారు. అయినా అప్పుడప్పుడూ రంగుల ట్యూబులు తెచ్చి ఇస్తూ, ఎవడో ఆకలితో ఉన్న చిత్రకారుడు సూపు తాగి డబ్బుల బదులు ఇచ్చిపోయాడని చెప్పేవారు. నిజానికి కొన్నది ఆయనే. 1935లో, కొడుకు హైస్కూలు పట్టా పుచ్చుకోవలసిన ముందురోజు, ఆయన వీధిలో గుండె ఆగి పడిపోయారు. శవాన్ని గుర్తుపట్టడానికి వెళ్ళిన కొడుక్కి నాన్న పర్సులో నలిగి చిరిగిన పేపరు ముక్కలు దొరికాయి. అవి కొడుక్కి బొమ్మల్లో వచ్చిన బహుమతుల వార్తలు.

నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది ఇంకో పేపరు ముక్క గురించి. 1940లో ‘లైఫ్’ పత్రికలో ఒక చిన్న నల్లపిల్లాడి ఫొటోలు నాలుగు వరసగా వచ్చాయి. రక్తపరీక్షకి వచ్చిన పిల్లాడు. మొదట ఏమీ తెలీక ధీమాగా నిలబడ్డాడు, సూది సంగతి తెలిసేసరికి మొహం మారిపోయింది. కీట్స్ వాటిని కత్తిరించి గోడకి పెట్టుకున్నారు. తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆ మధ్యలో కామిక్సులకి వెనక బొమ్మలు గీశారు, యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు, ఎవరెవరో రాసిన పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేశారు. తన దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో నల్లపిల్లాడు కథానాయకుడిగా ఒక్కటీ రాలేదు, వచ్చినా వెనక వరసలో ఎక్కడో ఉన్నాడు. తనే రాసి, తనే బొమ్మలు వేద్దామని కూర్చున్నప్పుడు గోడ మీది పిల్లాడు ఎదురుగా ఉన్నాడు. 1940 నుంచి 1962 దాకా, 22 ఏళ్ళు ఒకే పిల్లాడి మొహం చూస్తూ గడిపిన మనిషి వేసిన బొమ్మలవి. 1963లో ఆ పుస్తకానికి కాల్డికాట్ మెడల్ వచ్చింది. అమెరికాలో బొమ్మల పుస్తకానికి అంతకు మించిన గుర్తింపు లేదు.

మంచు అంటే ఏదండి?

మా అరుగు మీద మొదటిసారి చదివినప్పుడు నాకు పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. “లేచి చూస్తే అంతా మంచు” అని చదవగానే ఒకడు ఆపాడు.

“మంచంటే పొద్దున్నే చేల మీద ఉంటుంది, అదాండి?”

“అది కాదురా, గడ్డకట్టిన మంచు.”

“మరి అడుగులెలా పడతాయండి దాంట్లో?”

నిజమే కదా. ధనుర్మాసంలో కొబ్బరితోటల్లోంచి పొగలా పాకి, ఎదర వస్తున్న సైకిలు కూడా కనపడనివ్వనిదే మాకు మంచు. చేత్తో పట్టుకుంటే దొరకదు. దూది అన్నాను, ఉప్పు అన్నాను, ఫ్రిజ్‌లో పేరుకునే తెల్లటిది అన్నాను. ఎవరికీ ఎక్కలేదు. ఆ పెద్దాయన మాట అప్పుడు విని ఉంటే ఒప్పేసుకునేదాన్ని.

అప్పుడు వెనకాల కూర్చున్న లంక కుర్రాడు బొమ్మ దగ్గరికి జరిగాడు. వాడు రోజూ ఏటి నడుమ ఉన్న లంక నుంచి పడవలో బడికి వస్తాడు. ఆదివారాలు మేనత్త ఇంట్లో ఉంటాడు. తెల్లటి పేజీలో పీటర్ అడుగుల వరస మీద వేలు పెట్టి మెల్లిగా చివరిదాకా లాగాడు.

“ఇది ఒండ్రులాగుందండి. వరద తీశాక మా లంకలో ఇలాగే పడతాయండి అడుగులు.”

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు వాడికి ఏడేళ్ళు. వాళ్ళ ఇల్లు కిటికీల దాకా మునిగింది. రోజుల తరబడి ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నారు. నీళ్ళు తీశాక తిరిగి వెళ్తే వాకిలి లేదు, దారి లేదు, తోట గట్లు లేవు. అంతా ఒకటే నునుపు, ఒకటే రంగు. పెద్దవాళ్ళు పోయినవి లెక్కపెట్టుకుంటున్నారు. వాడు మాత్రం ఆ మెత్తటి ఒండ్రులో పాదాలు బయటికి తిప్పి నడిచాడట, లోపలికి తిప్పి నడిచాడట. అమ్మ చూసి వీపు మీద ఒక్కటి వేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు వాడు నవ్వాడు.

ఇక అందరికీ మాటలొచ్చేశాయి. జేబులో మంచు ఉండ కరిగిపోయిన పేజీ దగ్గర ఒక చిన్నపిల్ల, వడగళ్ళ వాన పడినప్పుడు పెన్సిల్ డబ్బాలో నాలుగు వడగళ్ళు దాచుకున్నాననీ, తెల్లారి చూస్తే పెన్సిలు, రబ్బరు తడిసి ఉన్నాయనీ చెప్పింది. “అప్పుడు ఏడ్చానండి” అంది. పీటర్ కూడా ఆ పేజీలో దిగులుగానే ఉంటాడు. న్యూయార్క్ పిల్లాడి దిగులు మా ఊరి పిల్లకి చేరడానికి నా తర్జుమా అక్కర్లేకపోయింది.

అందుకే నేననేది, పుస్తకంలో ఊరు మనదా పరాయిదా అన్న ప్రశ్న రెండోది. రాసినవాళ్ళు ఒక్క పిల్లాణ్ణయినా నిదానంగా చూశారా అన్నది మొదట అడగాలి. అలా చూసి రాసిన మంచు మాకు ఒండ్రు అయింది. అలా చూడకుండా రాస్తే గోదావరి పేరు పెట్టినా అందులో రెండు కొండలే ఉంటాయి.

ఇందులో నీతేంటి?

ఒక పిల్ల వాళ్ళమ్మ అరుగు చివర నిలబడి కథంతా విని, “బాగానే ఉంది గానీ పిన్నిగారూ, ఇంతకీ పిల్లలు ఏం నేర్చుకున్నట్టండి?” అని అడిగింది. పొద్దున్నుంచి రొయ్యల షెడ్డులో నిలబడి పనిచేసి వచ్చిన మనిషి. ఆదివారం కూడా పిల్లని పుస్తకం దగ్గరికి పంపుతోందంటే దాని వెనక ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. తేలిగ్గా జవాబు చెప్పాలనిపించలేదు.

నీతికథ అంటే నాకు చిన్నచూపు లేదు. కాకమ్మ కథలతోనే పెరిగాను. కానీ నీతికథలో పిల్లాడు ఎప్పుడూ తప్పు చేసినవాడో, బుద్ధి వచ్చినవాడో అవుతాడు. ఊరికే ఉన్న పిల్లాడు, మంచులోనో ఒండ్రులోనో కాలు ఎలా పెడితే ఎలా గుర్తు పడుతుందో చూసుకుంటూ గంట గడిపిన పిల్లాడు, వాటిలో ఉండడు. ఆవిడతో ఇదే చెప్పాను. “మీ అమ్మాయి ఇవాళ వడగళ్ళ సంగతి చెప్పిందండి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదట” అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, “ఆ రోజు నోట్సు తడిపిందని కొట్టానండి” అంది. పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

మనకి బాపు లేరా అని అడుగుతారు. ఎందుకు లేరు! నరసాపురంలో పుట్టి, ఒక్క గీతతో గోదావరి మనిషి నడక పట్టుకున్నాయన. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలు వేసిన ‘బుడుగు’ నాకు ప్రాణం. ఒక పిల్లాణ్ణి అంత దగ్గరగా చూసిన పుస్తకం ఏ భాషలో ఉన్నా గర్వపడాల్సిందే. కానీ అది చదివి పొట్ట పట్టుకుని నవ్వేది ఎక్కువగా మనం, పెద్దవాళ్ళం. ఇంకా అక్షరాలు కూడబలుక్కునే అయిదేళ్ళ పిల్ల ఒళ్ళో పెట్టుకుని, చదవడం రాకపోయినా బొమ్మల వెంట కథ లాక్కుంటూ పోయే పుస్తకం వేరు. మా లంకల పిల్లలున్న అలాంటి పుస్తకం కోసం ఎన్ని కొట్లు తిరిగినా నా చేతికి రాలేదు. పెద్దాయన మాటలో నేను ఒప్పుకున్న సగం ఇదే. మా పిల్లలు తమ ఊరిని బొమ్మల్లో ఎప్పుడూ చూసుకోలేదు. అందుకే వాళ్ళకి బొమ్మ అంటే కొండ అయింది.

స్కిన్ కలర్

‘ది స్నోయీ డే’ వచ్చాక ఒక టీచరు కీట్స్‌కి ఉత్తరం రాసింది. తన తరగతిలో నల్లపిల్లలు మొట్టమొదటిసారి తమ బొమ్మ తాము గోధుమరంగు క్రేయాన్‌తో వేసుకుంటున్నారని. అంతకు ముందు గులాబీ రంగుతో వేసుకునేవాళ్ళట.

మా పిల్లల రంగుల డబ్బాలో లేతగులాబీకీ నారింజకీ మధ్య ఒక రంగుంటుంది. దాన్ని అందరూ స్కిన్ కలర్ అంటారు. “ఒరేయ్, స్కిన్ కలర్ ఇయ్యరా” అని అడిగి తీసుకుంటారు. అది మా అరుగు మీద ఏ ఒక్కరి ఒంటి రంగూ కాదు. నాది చామనఛాయకి ఒక పాలు ఎక్కువ. మూడో తరగతిలో నా బొమ్మ నేను గోధుమరంగుతో వేసుకుంటే, మా టీచరమ్మ “ఛీ, అలా వేసుకోకూడదమ్మా” అని రబ్బరుతో చెరిపి, స్కిన్ కలర్ చేతికిచ్చింది. ఆవిడకి నేనంటే ఇష్టమే. ఆ ఇష్టంతోనే చెరిపింది. కాగితం పీచులేచిపోయి ఆ చోట ఏ రంగూ సరిగ్గా అంటలేదు. నలభై ఏళ్ళయినా ఆ గరుకు నా వేళ్ళకి తెలుస్తుంది.

కాబట్టి పీటర్ రంగు గురించి ఏమీ రాయకపోవడం సరైనదేనా అన్న వాదన నాకు ఊరికే కొట్టిపారెయ్యబుద్ధి కాదు. 1965లో నాన్సీ లారిక్ అనే ఆవిడ పెద్ద వ్యాసం రాసింది. మూడేళ్ళలో అమెరికాలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు పరిశీలిస్తే నల్లవాళ్ళు ఎక్కడైనా కనపడేవి 349 మాత్రమే అని తేల్చింది. అదే వ్యాసంలో కీట్స్‌నీ వదల్లేదు. పిల్లాడు నల్లవాడని కథలో ఎందుకు రాయలేదని అడిగింది. పసుపుగళ్ళ గౌనులో భారీగా ఉన్న అమ్మ బొమ్మ పాత పనిమనిషి మూసలోనే ఉందంది. రంగు బొమ్మలోనే కనపడుతుంటే మళ్ళీ చీటీ అంటించాలా అని కీట్స్ జవాబు.

రంగు విషయంలో నేను కీట్స్ పక్షం. అమ్మ బొమ్మ విషయంలో ఆవిడ అడిగింది న్యాయమే అనిపిస్తుంది. పిల్లాణ్ణి 22 ఏళ్ళు చూసిన మనిషి, అమ్మని అంతసేపు చూడలేదేమో. నల్లపిల్లాడి కథ తెల్లాయన రాయొచ్చా అన్న ప్రశ్న కూడా అప్పట్నించీ ఉంది. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 125 ఏళ్ళ చరిత్రలో జనం ఎక్కువసార్లు ఇంటికి తీసుకెళ్ళిన పుస్తకం ఇదేనని 2020లో ప్రకటించారు. 4,85,583 సార్లు. ఆ అంకె చూసి సంతోషించాను గానీ, అది ఈ ప్రశ్నకి జవాబు కాదు.

ఎందుకంటే ఆ ప్రశ్న ఇప్పుడు నా దాకా వచ్చింది.

లంక కుర్రాడు ఒండ్రు గురించి చెప్పిన రోజు రాత్రే నేను ఒక బొమ్మల కథ మొదలుపెట్టాను. కీట్స్ మంచు రేకుల్ని రబ్బరు ముక్కలు కోసి అద్దారు, బూడిదరంగు పేజీ మీద టూత్‌బ్రష్‌తో సిరా చిలకరించారు. మా దగ్గర బెండకాయ ముచ్చికలున్నాయి, పాత బ్రష్షులున్నాయి, పెళ్ళి శుభలేఖల రంగు కాగితాలున్నాయి. పిల్లలే చిలకరించారు. పేజీలన్నీ గోధుమరంగు. నా కథలో వరద తీసిన పొద్దున పిల్లాడు గుడిసెలోంచి బయటికొస్తాడు. ఎదురుగా ఎవరూ తొక్కని నునుపైన ఒండ్రు. వాడు మొదటి అడుగు వేస్తాడు.

నేను లంక మనిషిని కాదు. మా ఇల్లు గట్టుకి ఇవతల, మెరక మీద ఉంది. 2022లో మా వీధికి నీళ్ళు రాలేదు. 1986 వరదని కూడా మేడ మీంచి చూసినదాన్నే. వాళ్ళ ఊరు, వాళ్ళ బురద, వాళ్ళ పిల్లాడు. అందుకని పోయిన ఆదివారం మిగతావాళ్ళు రాకముందే వాణ్ణి పిలిచి, మొదటి నాలుగు పేజీలూ చూపించాను.

వాడు చాలాసేపు చూశాడు. రంగు బాగుందన్నాడు. తర్వాత మొదటి పేజీ దగ్గరికి వెనక్కి వచ్చాడు.

“ఇలా ఉండదండి.”

“ఏం, ఎలా ఉంటుంది?”

“మేం గట్టు మీంచి వచ్చేముందు గేదెల్ని తోలతారండి. మేం దిగేసరికే వాటి డెక్కలు పడిపోయి ఉంటాయండి అంతటా. డెక్క పడ్డ చోట్ల నీళ్ళు నిలబడతాయండి. వాటి పక్కన ఖాళీ చూసుకుని నడవాలండి.”

కాగితం తిరగేసి ఇచ్చాను. వాడు ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, గోధుమరంగుది అందుకుని, రెండు పాయలుగా చీలిన గుర్తు ఒకటి గీశాడు. దాని పక్కన ఇంకోటి. సగం పేజీ నిండాక, అంచు దగ్గర కొంచెం చోటు వదిలి, చిన్న పాదం ఒకటి వేశాడు.